షుగరు ఉన్న తల్లికి ఆరోగ్యమైన బిడ్డ: జాగ్రత్త గర్భానికి ముందే మొదలవ్వాలి

షుగరు ఉన్న అమ్మాయికి పెళ్ళి చేయవచ్చా? ఆమెకు పిల్లలు పుడతారా? పుట్టిన బిడ్డకు కూడా షుగరు వస్తుందా? గర్భిణీల క్లినిక్కుకు వచ్చే తల్లులు, అత్తగార్లు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు ఇవి. పెళ్ళి చేయవచ్చు. పిల్లలు పుడతారు. తల్లికి చిన్ననాటి నుంచి ఇన్సులిన్ మీద ఉండే రకం షుగరు ఉన్నా, బిడ్డకు అదే వ్యాధి రావడం నూటికి ఇద్దరు ముగ్గురిలోనే జరుగుతుంది.

కాని ఒక్క మాట మాత్రం ప్రతి కుటుంబం గుర్తుంచుకోవాలి. షుగరు ఉన్న స్త్రీ గర్భవతి అయ్యాక ఆసుపత్రికి రావడం ఆలస్యమే అవుతుంది. గర్భం కావాలని అనుకున్నప్పుడే రావాలి. ఎందుకో ఈ వ్యాసంలో వివరిస్తాము.

షుగరులో రకాలు

మొదటి రకం చిన్న వయసులోనే మొదలవుతుంది. వీరి శరీరంలో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. రోజూ ఇంజెక్షన్ తీసుకోకపోతే ప్రాణాపాయం. రెండవ రకం పూర్వం నలభై దాటినవారిలో ఎక్కువగా కనిపించేది. ఇప్పుడు ఇరవై అయిదు, ముప్ఫై ఏళ్ళ వారిలో కూడా చూస్తున్నాము. అంటే పిల్లలను కనే వయసులోనే అన్నమాట. మూడవది గర్భంతో వచ్చే షుగరు. అంతకు ముందు లేనివారికి గర్భంలో, ఎక్కువగా ఆరవ నెల ప్రాంతంలో బయటపడుతుంది. మొదటి రెండు రకాలు ఉన్నవారు గర్భానికి ముందే సిద్ధపడాలి. మూడవ రకాన్ని పరీక్ష చేసి కనిపెట్టాలి.

మొదటి రెండు నెలలు ఎందుకు ముఖ్యం?

తల్లి రక్తంలోని చక్కెర మాయ గుండా బిడ్డకు చేరుతుంది. తల్లికి ఎక్కువ ఉంటే బిడ్డకూ ఎక్కువే అందుతుంది. బిడ్డ అవయవాలు రూపుదిద్దుకునే రోజులలో ఈ ఎక్కువ చక్కెర హాని చేస్తుంది.

ఆ రోజులు ఎప్పుడో చూడండి. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుంటుంది. అంటే నెల తప్పి రెండు వారాలు గడిచేసరికి ఆ పని అయిపోతుంది. గుండెలోని గదులు, గోడలు కూడా మొదటి రెండు నెలల్లోనే చాలావరకు ఏర్పడతాయి. మన ఇళ్ళలో నెల తప్పాక మరో నెల చూద్దామని ఆగి, మూడవ నెలలో ఆసుపత్రికి తీసుకువస్తారు. అప్పటికి బిడ్డ గుండె, వెన్నుపూస తయారై ఉంటాయి. ఆ తరువాత షుగరును ఎంత బాగా అదుపు చేసినా, అప్పటికే ఏర్పడిన లోపాన్ని సరిచేయలేము.

షుగరు లేని తల్లులకు పుట్టే బిడ్డలలో కూడా నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పుట్టుక లోపం ఉంటుంది. షుగరు అదుపులో లేని తల్లి బిడ్డకు ఈ ప్రమాదం కొన్ని రెట్లు పెరుగుతుంది. గర్భస్రావం, చివరి నెలల్లో బిడ్డ కడుపులోనే చనిపోవడం కూడా వీరిలో ఎక్కువ. గర్భానికి ముందే అదుపులోకి తెచ్చుకున్నవారిలో ఈ ప్రమాదాలు బాగా తగ్గుతాయి.

గర్భానికి ముందు చేయవలసినవి

కనీసం మూడు నుంచి ఆరు నెలల ముందు డాక్టరు గారిని కలిసి, "బిడ్డను కనాలనుకుంటున్నాము" అని స్పష్టంగా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే డాక్టరు గారికి తెలియదు, మందులు మార్చరు. భర్త కూడా వెంట రావాలి.

1. హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకోండి. ఇది గత మూడు నెలల సగటు షుగరును చెబుతుంది. గర్భానికి ముందు ఇది 6.5 శాతం లోపు ఉండటం మంచిది. 10 శాతం దాటి ఉంటే అది తగ్గేవరకు గర్భం రాకుండా చూసుకోవాలి. రక్తహీనత ఉన్నవారిలో ఈ పరీక్ష ఫలితం తప్పుగా రావచ్చు. కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి.

2. షుగరు అదుపులోకి వచ్చేవరకు కుటుంబ నియంత్రణ పద్ధతి ఒకటి వాడండి. మీకు ఏది సరిపోతుందో నర్సును గాని, డాక్టరును గాని అడగండి. ఇందులో సిగ్గుపడవలసినది లేదు.

3. ఫోలిక్ ఆమ్లం మాత్రలు మొదలుపెట్టండి. షుగరు ఉన్నవారికి డాక్టర్లు సాధారణంగా రోజుకు 5 మి.గ్రా. ఇస్తారు. గర్భానికి ముందు నుంచి మూడవ నెల నిండేవరకు వాడాలి. వెన్నుపాము లోపాలను ఇది తగ్గిస్తుంది.

4. వాడుతున్న మందులన్నీ చీటీలతో సహా తెచ్చి చూపించండి. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటివి, కొలెస్ట్రాల్‌కు వాడే అటోర్వాస్టాటిన్ వంటివి గర్భంలో పనికిరావు. వాటిని ముందే మార్చాలి. షుగరు మాత్రలలో మెట్‌ఫార్మిన్ కొనసాగించవచ్చు. మిగిలినవాటి బదులు సాధారణంగా ఇన్సులిన్ ఇస్తారు.

5. కళ్ళు, మూత్రపిండాలు, రక్తపోటు, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. కంటిలోపలి నరాలు దెబ్బతిని ఉంటే గర్భంలో అది ఎక్కువ కావచ్చు. ముందుగా చికిత్స చేయించుకుంటే చూపు కాపాడుకోవచ్చు.

6. బరువు ఎక్కువ ఉంటే గర్భానికి ముందే తగ్గండి. గర్భం వచ్చాక బరువు తగ్గడానికి తిండి మానడం తగదు.

ఒకవేళ అనుకోకుండా నెల తప్పితే భయపడి మందులన్నీ మీ అంతట మీరు ఆపకండి. చాలామంది చేసే పని ఇదే. మాత్రలు ఆపగానే షుగరు 300కి వెళుతుంది. ఆ వారమే, వీలైతే మరుసటి రోజే డాక్టరు గారిని కలవండి.

పెళ్ళి మాటలలో దాచకండి

ఇది మందుల సంగతి కాకపోయినా చెప్పక తప్పదు. ఆడపిల్లకు షుగరు ఉందని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని తల్లిదండ్రులు దాచిపెడతారు. పెళ్ళయ్యాక ఆ అమ్మాయి అత్తవారింట్లో ఇంజెక్షన్ ఎక్కడ వేసుకోవాలి? సీసా ఎక్కడ పెట్టాలి? స్నానాల గదిలో దొంగచాటుగా వేసుకునే పిల్లలు, ఎవరూ ఇల్లు కదలని రోజు అసలే వేసుకోని పిల్లలు ఉన్నారు. పెళ్ళయిన మొదటి నెలల్లోనే గర్భం వస్తుంది. అంటే షుగరు అన్నిటికన్నా అదుపులో ఉండవలసిన రోజులలోనే అది అన్నిటికన్నా అదుపు తప్పి ఉంటుంది. ఆ దాపరికానికి మూల్యం చెల్లించేది కడుపులోని బిడ్డ.

తల్లిదండ్రులారా, ముందే చెప్పండి. పెళ్ళికొడుకును, అతని తల్లిని ఒకసారి డాక్టరు గారి దగ్గరకు తీసుకురండి. అత్తగార్లారా, కోడలు ఇంజెక్షన్ వేసుకుంటుందంటే ఆమె పనికిరాని పిల్ల అని కాదు. తన ఆరోగ్యాన్ని తానే చూసుకోగల పిల్ల. ఏడాది తిరగకుండానే "ఏమైనా విశేషమా?" అని ఆమెను తొందరపెట్టకండి. ఆరు నెలలు ఆగి, సిద్ధపడి కనే బిడ్డ మేలు.

షుగరు లేనివారికి కూడా పరీక్ష తప్పనిసరి

గర్భంలో మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనీయవు. నెలలు నిండే కొద్దీ ఇది ఎక్కువవుతుంది. చాలామంది శరీరం అదనంగా ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది. సర్దుకోలేనివారికి గర్భంలో షుగరు వస్తుంది. బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. అందుకే మన దేశంలో గర్భవతులందరికీ పరీక్ష చేయాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

పరీక్ష చాలా సులభం. 75 గ్రాముల గ్లూకోజు 300 మి.లీ. నీటిలో కలిపి తాగాలి. పరగడుపున రానక్కరలేదు, తిని వచ్చినా ఫర్వాలేదు. రెండు గంటల తరువాత రక్తం చూస్తారు. 140 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే గర్భంలో షుగరు ఉన్నట్టు. చెన్నైకి చెందిన డా. వి. శేషయ్య గారు, వారి సహచరులు మన దేశపు తల్లులకు అనుకూలంగా ఉండాలని ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. దూరపు ఊళ్ళ నుంచి బస్సు దిగి వచ్చే గర్భవతిని పరగడుపున మళ్ళీ రమ్మంటే చాలామంది తిరిగి రారు. కొన్ని ఆసుపత్రులలో పరగడుపున చేసే పద్ధతి కూడా ఉంది.

ఈ పరీక్ష రెండుసార్లు చేయించుకోవాలి. మొదటిసారి పేరు నమోదు చేసుకున్న రోజు, రెండవసారి 24 నుంచి 28 వారాల మధ్య. మొదటిసారి బాగుందని రెండవది మానకండి. ఎక్కువమందికి బయటపడేది అప్పుడే. గ్లూకోజు తాగిన అరగంటలోపు వాంతి అయితే మరునాడు మళ్ళీ చేయించుకోవాలి.

ఎంత ఉండాలి?

గర్భవతికి పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. మామూలు షుగరు రోగులకు చెప్పే అంకెల కంటే ఇవి తక్కువ. "మా నాన్నగారికి 180 ఉన్నా డాక్టరు ఏమీ అనలేదు" అని పోల్చుకోకండి. ఇక్కడ ఇద్దరి సంగతి చూడాలి.

షుగరు ఎక్కువగా ఉంటే బిడ్డ తన ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసుకుని, కొవ్వు పట్టి లావవుతుంది. నాలుగు కిలోల బిడ్డను చూసి అందరూ సంతోషిస్తారు గాని, కాన్పులో తల వచ్చాక భుజాలు ఇరుక్కుపోయే ప్రమాదం ఈ బిడ్డలకు ఎక్కువ.

ఆహారం ఎలా తీసుకోవాలి?

"ఇద్దరి కోసం తినాలి" అనే మాట పక్కన పెట్టండి. పస్తులుండటం కూడా తప్పే. మూడు పూటలా కొద్దికొద్దిగా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి తీసుకోవాలి.

ఉదయం తిన్నాక షుగరు ఎక్కువగా పెరుగుతుంది. కాబట్టి ఆరు ఇడ్లీలకు బదులు రెండు లేక మూడు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు తీసుకోండి. పెసరట్టు మంచిది. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, ఒక కప్పు పప్పు, రెండు కప్పుల కూర, మజ్జిగ. ముందు కూర, పప్పు తిని తరువాత అన్నం తినండి. సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలు, అలసందలు, లేక వేరుశనగలు. రాత్రి జొన్న రొట్టె గాని, రెండు పుల్కాలు గాని కూరతో. ఇన్సులిన్ వేసుకునేవారు పడుకునే ముందు చక్కెర లేని పాలు ఒక గ్లాసు తాగాలి.

కొన్ని అపోహలు ఉన్నాయి. బెల్లం, తేనె, తాటిబెల్లం షుగరు పెంచవని అనుకోవడం తప్పు. చక్కెరలాగే పెంచుతాయి. రాగులు మంచివే గాని పలుచని జావగా తాగితే షుగరు త్వరగా పెరుగుతుంది. సగ్గుబియ్యం, గ్లూకోజు నీళ్ళు, పండ్ల రసాలు వద్దు. జామకాయ, నారింజ, బొప్పాయి పండిన ముక్క కొద్దిగా తినవచ్చు. మామిడి, సపోటా, ద్రాక్ష బాగా తగ్గించాలి.

పుట్టింటివారు చలిమిడి పెట్టే వేడుకను ఆపవలసిన పని లేదు. గాజులు వేయండి, పూలు పెట్టండి, దీవించండి. చలిమిడి మాత్రం నోట చిటికెడు పెట్టి మిగిలినది పిల్లలకు పంచండి. రాగిచెంబుతో వచ్చిన బంధువులందరూ తలా ఒక లడ్డు నోట పెట్టకుండా తల్లి చూసుకోవాలి.

డాక్టరు గారు వద్దనకపోతే భోజనం తరువాత నడవండి. రోజుకు అరగంట నడక చాలు.

ఇన్సులిన్ అంటే భయం ఎందుకు?

గర్భంతో షుగరు వచ్చినవారిలో చాలామందికి ఆహారం, నడకతోనే సరిపోతుంది. రెండు వారాలు ప్రయత్నించాక కూడా తిన్న రెండు గంటలకు 120 దాటుతుంటే మందు మొదలుపెట్టాలి. ఇన్సులిన్ మాయను దాటి బిడ్డకు చేరదు. అందువల్ల అది బిడ్డకు క్షేమం. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలి" అనేది గర్భంతో వచ్చే షుగరు విషయంలో నిజం కాదు. కాన్పు కాగానే చాలామందికి అవసరం ఉండదు. పొట్ట మీద వేసుకున్నా సూది బిడ్డకు తగలదు. అది చర్మం కింది కొవ్వు వరకే వెళుతుంది.

సిరంజి విషయంలో మాత్రం జాగ్రత్త. 40 యూనిట్లు అని రాసి ఉన్న సీసాకు ఎర్ర మూత ఉన్న 40 యూనిట్ల సిరంజి వాడాలి. 100 యూనిట్ల సీసాకు నారింజ రంగు మూత ఉన్న సిరంజి వాడాలి. ఇవి తారుమారైతే వెళ్ళే మందు రెండున్నర రెట్లు ఎక్కువ గాని తక్కువ గాని అవుతుంది. మందుల షాపులో సీసా చూపించి సిరంజి అడగండి.

ఫ్రిజ్ లేని ఇంట్లో మట్టి కుండలో నీళ్ళు పోసి, అందులో చిన్న ముంత పెట్టి, దానిలో సీసా ఉంచండి. సీసాకు నీరు తగలకూడదు. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టండి, మంచు గడ్డకట్టే అరలో పెట్టకండి. తెరిచిన సీసాను నాలుగు వారాలకు మించి వాడకండి. తెరిచిన తేదీ సీసా మీద రాసుకోండి.

మొదటి మూడు నెలల్లో వాంతులు, తిండి సహించకపోవడం వల్ల షుగరు పడిపోవచ్చు, ముఖ్యంగా రాత్రివేళ. ఆరవ నెల నుంచి ఇన్సులిన్ మోతాదు బాగా పెరుగుతుంది. మొదటి రకం వారికి చివరికి రెట్టింపు కూడా కావచ్చు. ఇది వ్యాధి ముదిరిందనడానికి గుర్తు కాదు, మాయ చేసే పని. మోతాదు పెరిగిందని బెంగపడకండి. చివరి నెలల్లో అకస్మాత్తుగా మోతాదు తగ్గించవలసి వస్తే మాత్రం వెంటనే డాక్టరు గారికి చెప్పండి.

షుగరు పడిపోతే

వణుకు, చెమటలు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తికమకగా మాట్లాడటం దీని గుర్తులు. రక్తంలో షుగరు 70 కంటే తక్కువ ఉంటుంది. వెంటనే మూడు చెంచాల గ్లూకోజు పొడి గాని చక్కెర గాని గ్లాసు నీటిలో కలిపి ఇవ్వండి. పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ చూడండి. తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేనివారి నోట్లో నీరు పోయకూడదు. 108కి ఫోన్ చేయండి.

ఉపవాసం గురించి

శ్రమ దినాలలోను, శుక్రవారాలలోను ఉపవాస ప్రార్థనకు కూర్చునే సహోదరీలకు ఒక మనవి. షుగరు ఉన్న గర్భవతి ఉపవాసం ఉండకూడదు. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుంది. తినడం లేదని ఇన్సులిన్ మానితే మొదటి రకం వారికి రక్తంలో విషపదార్థాలు చేరి బిడ్డ ప్రాణానికే ముప్పు. ప్రార్థనకు రండి, సంచిలో రెండు బిస్కెట్లు, గ్లూకోజు పొట్లం తెచ్చుకోండి. సమయానికి లేచి వెళ్ళి తినండి. ఎవరూ తప్పుపట్టరు.

పరీక్షలు, కాన్పు

18 నుంచి 20 వారాల మధ్య అవయవాల స్కానింగు చేయించుకోవాలి. ముందునుంచి షుగరు ఉన్నవారికి బిడ్డ గుండె స్కానింగు కూడా అవసరం. కళ్ళ పరీక్ష మళ్ళీ చేయించుకోవాలి. రక్తపోటు ప్రతిసారి చూడాలి, ఎందుకంటే గుర్రపువాతం ప్రమాదం వీరికి ఎక్కువ. ఖర్చు భరించలేనివారు ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణీలకు జరిగే ఉచిత డాక్టరు పరీక్షను ఉపయోగించుకోవచ్చు. ఇది 2016 నుంచి నడుస్తోంది.

ఏడవ నెల నిండాక రోజూ బిడ్డ కదలికలు లెక్కపెట్టండి. భోజనం తరువాత పక్కకు తిరిగి పడుకోండి. రెండు గంటల్లో ఆరుసార్లు కదలకపోతే తెల్లవారేవరకు ఆగకుండా ఆసుపత్రికి రండి.

కాన్పు అన్ని సౌకర్యాలు ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. షుగరు ఉన్నంత మాత్రాన ఆపరేషన్ తప్పదనుకోవద్దు. షుగరు అదుపులో ఉండి, బిడ్డ బరువు సరిగా ఉంటే మామూలు కాన్పు అవుతుంది. బొడ్డుతాడు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది గాని, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఇంకా ఎక్కువగానే ఉంటుంది. అందుకే బిడ్డకు షుగరు పడిపోతుంది. గంటలోపు ముర్రుపాలు పట్టించడమే దీనికి మొదటి మందు. తేనె, చక్కెర నీళ్ళు నాకించకండి. బిడ్డ మడమ నుంచి నర్సు చుక్క రక్తం తీస్తే కంగారు పడకండి, అది షుగరు చూడటానికే.

కాన్పు తరువాత మరిచిపోకండి

గర్భంతో వచ్చిన షుగరు పోయిందని చాలామంది తిరిగి రారు. ఆరు వారాలకు బిడ్డకు టీకాలు వేయించడానికి వస్తారు కదా, అదే రోజు మీరు కూడా గ్లూకోజు తాగి పరీక్ష చేయించుకోండి. గర్భంలో షుగరు వచ్చినవారికి తరువాతి కాలంలో షుగరు వ్యాధి వచ్చే అవకాశం రానివారికంటే దాదాపు ఏడు రెట్లు. కాబట్టి ఏడాదికోసారి పరీక్ష, ఇంకో బిడ్డను కనాలనుకుంటే దానికి ముందు మరోసారి పరీక్ష తప్పనిసరి. బిడ్డకు పాలివ్వడం తల్లికి, బిడ్డకు ఇద్దరికీ మేలు.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

- బిడ్డ కదలికలు తగ్గడం
- ఆగని వాంతులు, లేక షుగరు 200 దాటి తగ్గకపోవడం (ఇటువంటప్పుడు ఇన్సులిన్ ఆపకూడదు)
- తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు
- రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం
- జ్వరం, మూత్రంలో మంట

చివరిగా

1921లో కెనడాలో ఇన్సులిన్ కనుగొనక ముందు షుగరు ఉన్న స్త్రీ గర్భవతి కావడమే అరుదు. అయినా తల్లో బిడ్డో దక్కడం కష్టంగా ఉండేది. ఇన్సులిన్ వచ్చాక తల్లులు బతికారు గాని బిడ్డలు చాలామంది చనిపోయేవారు. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1924 నుంచి యాభై ఏళ్ళు పనిచేసిన డా. ప్రిసిల్లా వైట్ అనే వైద్యురాలు ఇటువంటి తల్లులనే ప్రత్యేకంగా చూసుకుని, షుగరు అదుపులో ఉంచితే బిడ్డలు దక్కుతారని నిరూపించారు. ఆమె కాలంలో ఇంట్లో వేలి చివర చుక్క రక్తంతో షుగరు చూసుకునే మిషను కూడా చాలాకాలం లేదు. ఈనాడు అది మన బజారులో దొరుకుతోంది. లేనిదల్లా ముందుగా రావడమే.

మీ ఇంట్లో, మీ వీధిలో, మీ సంఘంలో షుగరు ఉన్న కొత్త పెళ్ళికూతురు గాని, పెళ్ళి కుదిరిన అమ్మాయి గాని ఉంటే ఈ పేజీ ఆమెకు ఇవ్వండి. ఆమె నెల తప్పకముందే ఇవ్వండి.

- నర్సింగ్ సూపరింటెండెంట్